డిస్కు లేని లైనక్స్ సర్వరు: ఎన్‌ఎఫ్‌ఎస్, ఐస్కజీ, ర్యామ్‌లలో ఏది మీకు సరిపోతుంది?

"పాతిక మెషీన్లున్నాయండీ, హార్డ్ డిస్కులు ఒకదాని తర్వాత ఒకటి పోతున్నాయి. అవి పీకేసి అన్నిటినీ ఒకే సర్వరు నుంచి నెట్‌వర్క్ మీద బూట్ చేసుకోవచ్చా?" విజయవాడలోనూ గుంటూరులోనూ ఈ ప్రశ్న చాలామంది నోట విన్నాను. అడిగేవాళ్ళలో కోచింగ్ సెంటర్ ల్యాబులవాళ్ళున్నారు, సూర్యారావుపేట ఆసుపత్రుల్లో సిస్టమ్స్ చూసుకునే కుర్రాళ్ళున్నారు, గుంటూరు బ్రాడీపేటలో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడిపేవాళ్ళున్నారు. జవాబు ఒక్కటే: చేసుకోవచ్చు, బాగానే నడుస్తుంది. అయితే మూడు నాలుగు దారులున్నాయి. మీ పనికి తగనిది ఎంచుకుంటే మాత్రం నెల తిరిగేసరికి "ఇంతకంటే డిస్కులే నయం" అనిపిస్తుంది.

సాధారణంగా కనిపించే పోలికలన్నీ స్పీడు చుట్టూ తిరుగుతాయి. గిగాబిట్ లైనుకి లెక్క ప్రకారం సెకనుకు 125 మెగాబైట్లు, నిజంగా చేతికొచ్చేది 110 చిల్లర. ఏ పద్ధతి పెట్టినా ఈ హద్దు దాటదు కాబట్టి దాని గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. నేను ముందు అడిగేది వేరు. నెట్‌వర్క్ మూడు నిమిషాలు పోతే ఈ మెషీను ఏం చేస్తుంది? లైను తిరిగి వచ్చాక తనంతట తనే లేస్తుందా, లేక ఎవరైనా వెళ్ళి పవర్ బటన్ నొక్కాలా? ఆ నొక్కే మనిషి మీ దగ్గర రాత్రి తొమ్మిది తర్వాత ఉంటాడా? ఎంపిక ఇక్కడే తేలిపోతుంది.

ముందు ఒక్క సంగతి తెలియాలి

డిస్కు లేని మెషీను బూట్ అయ్యేటప్పుడు నెట్‌వర్క్ కార్డు ఒకసారి కాదు, కనీసం మూడుసార్లు కొత్తగా మొదలవుతుంది. మొదట మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్, పీఎక్స్‌ఈ (నెట్‌వర్క్ మీద బూట్ అయ్యే పద్ధతి) ద్వారా, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వరును ఐపీ అడిగి, బూట్ ఫైలు తెచ్చుకుంటుంది. తర్వాత కెర్నెల్ లోడై, దానితో వచ్చిన ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ (అసలు వ్యవస్థ దొరికేదాకా ర్యామ్‌లో నడిచే చిన్న తాత్కాలిక వ్యవస్థ) తన సొంత డ్రైవరుతో కార్డును మళ్ళీ లేపి, మళ్ళీ ఐపీ తెచ్చుకుని, రూట్ ఫైల్ సిస్టమ్‌ను, అంటే మొత్తం లైనక్స్ ఫైళ్ళుండే చోటును, మౌంట్ చేస్తుంది (తగిలించుకుంటుంది). ఆ తర్వాత అసలు ఆపరేటింగ్ సిస్టమ్‌లోని నెట్‌వర్క్ సర్వీసు వచ్చి అదే కార్డును తన చేతిలోకి తీసుకుంటుంది. మధ్యలో ఐపీఎక్స్‌ఈ (పీఎక్స్‌ఈ కంటే ఎక్కువ పనులు తెలిసిన బూట్ ప్రోగ్రాము) పెడితే నాలుగోసారి కూడా.

"ఫర్మ్‌వేర్‌కి ఐపీ వచ్చింది కదా, మరి నెట్‌వర్క్ బాగానే ఉన్నట్టేగా" అని చాలామంది తికమక పడేది ఈ విషయం తెలియకే. ఫర్మ్‌వేర్‌కి వచ్చింది ఫర్మ్‌వేర్‌తోనే పోయింది. కెర్నెల్ మొదటినుంచి మొదలుపెట్టాలి.

ఎన్‌ఎఫ్‌ఎస్ రూట్

ఎన్‌ఎఫ్‌ఎస్ అంటే ఫోల్డర్లను నెట్‌వర్క్ మీద పంచే పద్ధతి. సర్వరులో ఒక ఫోల్డరు ఉంటుంది. అందులో మొత్తం లైనక్స్ వ్యవస్థ ఫైళ్ళుగానే ఉంటుంది. క్లయింటు మెషీను దాన్నే తన రూట్‌గా మౌంట్ చేసుకుంటుంది. గుంటూరువాళ్ళకి చెప్పాలంటే, మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాలు పెట్టడం లాంటిది: ఎవరి బస్తా ఎక్కడుందో స్టోరేజీ గుమస్తాకే తెలుసు, మనం పేరు చెప్తే తెచ్చిస్తాడు. ఐస్కజీలో (డిస్కునే నెట్‌వర్క్ మీద ఇచ్చే పద్ధతిలో) అలా కాదు, ఒక గది మొత్తం తాళంతో సహా మనకిచ్చేస్తారు. లోపల ఎలా సర్దుకున్నా వాళ్ళకి సంబంధం లేదు.

ఎన్‌ఎఫ్‌ఎస్‌లో నాకు బాగా నచ్చేది రిపేరు సులువు. క్లయింటు బూట్ కాకపోతే సర్వరులోకి లాగిన్ అయి, ఆ ఫోల్డర్లోకి వెళ్ళి, తప్పుగా ఉన్న ఫైలు సరిచేస్తే అయిపోయింది. పెన్‌డ్రైవులతో, రెస్క్యూ సీడీలతో పనిలేదు. విజయవాడలో కూర్చుని గుంటూరు ఆఫీసు మెషీను సరిచేయొచ్చు. నేర్చుకునేవాళ్ళకి, తరచూ మార్పులు చేసేవాళ్ళకి ఇంతకు మించినది లేదు.

నెట్‌వర్క్ పోతే ఎలా ఉంటుంది? మెషీను బిగుసుకుపోతుంది. కన్సోల్ మీద "సర్వరు స్పందించడం లేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాను" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు లైను పడుతుంది. మౌస్ కదలొచ్చు, తెరిచి ఉన్న ప్రోగ్రాము కాసేపు కనిపించొచ్చు, కొత్తగా ఏ కమాండు కొట్టినా జవాబు ఉండదు. పది నిమిషాలైనా, గంటైనా అలాగే ఉంటుంది. కేబులు తిరిగి పెట్టగానే "సర్వరు ఓకే" అని ఒక లైను పడి, ఆగిన దగ్గర్నుంచి పని మళ్ళీ సాగుతుంది. జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండే హార్డ్ మౌంట్ చేసే మేలు ఇదే. ఈ బిగుసుకుపోవడం చూసి టెన్షన్ పడి కొందరు, కాసేపు చూసి వదిలేసే సాఫ్ట్ మౌంట్‌కి మారుస్తారు. రూట్ విషయంలో అది మంచిది కాదు. సాఫ్ట్ అయితే కాసేపటికి ప్రోగ్రాములకి రీడ్ ఎర్రర్లు అందుతాయి, ఒక్కొక్కటీ పడిపోతుంది, లైను తిరిగి వచ్చాక కూడా మెషీను కోలుకోదు.

ఇబ్బందులు కూడా ఉన్నాయి, కొన్ని గట్టివే. డాకర్ (ప్రోగ్రాములను కంటెయినర్లలో విడివిడిగా నడిపే టూల్) నడపాలంటే ఎన్‌ఎఫ్‌ఎస్ రూట్ మీద కుదరదనే అనుకోండి. డాకర్ వాడే, మార్పులను వేరే పొరలో రాసే ఓవర్‌లే ఫైల్ సిస్టమ్‌కి రాసే పొరగా ఎన్‌ఎఫ్‌ఎస్ పనికిరాదు. ప్రోగ్రాము ఫైళ్ళకి ఇచ్చే కేపబిలిటీలు (అడ్మిన్ అధికారాల్లో కొన్ని మాత్రమే) ఎన్‌ఎఫ్‌ఎస్ మీద నిలవవు, అందుకే రూట్ యూజరుకి, అంటే అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్‌కి, నడిచే కొన్ని టూల్స్ మామూలు యూజరుకి "అనుమతి లేదు" అంటాయి. ఫైల్ లాకింగ్ మీద ఆధారపడే ఎస్‌క్యూలైట్ లాంటి డేటాబేసులను ఇక్కడ పెట్టకండి. ఇక సర్వరు ఎక్స్‌పోర్ట్ (ఫోల్డరు పంచే) సెట్టింగులో "నో రూట్ స్క్వాష్" పెట్టకపోతే క్లయింటులో రూట్ యూజరు కాస్తా ఎవరూ కాని "నోబడీ" అయిపోతాడు. బూట్ సగం దాకా వచ్చి, వరుసగా సర్వీసులన్నీ ఎర్ర అక్షరాలతో ఫెయిల్ అవుతుంటే మొదట చూడాల్సింది ఇదే. ఈ సెట్టింగు పెట్టాక మీ నెట్‌వర్క్‌లో ఆ ఐపీతో వచ్చిన ఎవరికైనా తలుపు తెరిచినట్టే కాబట్టి స్టోరేజీకి వేరే వీల్యాన్ (అదే స్విచ్‌లో విడిగా ఉండే నెట్‌వర్క్) కేటాయించండి.

డెబియన్, ఉబుంటు వాడేవాళ్ళకి ఒక చిక్కు. వాటి ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌లో చాలాకాలంగా వస్తున్న చిన్న మౌంట్ ప్రోగ్రాముకి ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ 4 రాదు, 3 మాత్రమే వచ్చు. సర్వరులో భద్రత కోసమని 3ని ఆపేసి ఉంటే క్లయింటు ఎంతసేపటికీ మౌంట్ చేయలేదు. ఫెడోరా, రాకీ, ఆల్మా లాంటివాటిలో ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ కట్టే డ్రాకట్ ఉంటుంది, దానికి 4 వచ్చు. వెర్షన్ 4 అయితే 2049 పోర్టు ఒక్కటి తెరిస్తే చాలు. 3కి 111 పోర్టు, మౌంట్‌డీ అనే సర్వీసు కూడా కావాలి. ఫైర్‌వాల్ దగ్గర సగం గొడవలు ఇక్కడే.

ఐస్కజీ

ఇది ఫైళ్ళు ఇవ్వదు, ఖాళీ డిస్కును ఇస్తుంది. క్లయింటుకి అది మామూలు హార్డ్ డిస్కులాగే కనిపిస్తుంది, ఫైల్ సిస్టమ్‌గా ఎక్స్‌టీ4 పెట్టుకుంటారో ఎక్స్‌ఎఫ్‌ఎస్ పెట్టుకుంటారో మీ ఇష్టం. డాకర్, ఎస్‌ఈలైనక్స్ (లైనక్స్ భద్రతా నియమాల వ్యవస్థ), కేపబిలిటీలు, లాకింగ్, అన్నీ లోకల్ డిస్కు మీద ఉన్నట్టే నడుస్తాయి. లైనక్స్ కెర్నెల్‌లో ఐస్కజీ టార్గెట్ (డిస్కు ఇచ్చే వైపు) భాగం 2011 నుంచి, అంటే 3.1 నుంచి ఉంది కాబట్టి ప్రత్యేకమైన స్టోరేజీ బాక్సు కొననక్కర్లేదు, ఓ మామూలు లైనక్స్ మెషీనే టార్గెట్ అవుతుంది.

దీనికి ఒకే ఒక్క కఠినమైన నియమం: ఒక లన్ (సర్వరు ఇచ్చే ఒక్కో డిస్కు), ఒక మెషీను. ఎక్స్‌టీ4 ఉన్న ఒకే లన్‌ను రెండు మెషీన్లు రాసేలా మౌంట్ చేస్తే ఫైల్ సిస్టమ్ పాడైపోతుంది, ఎర్రర్ వెంటనే రాదు కూడా. ఒకదానికి తెలియకుండా రెండోది రాస్తూ పోతుంది, రెండు మూడు రోజుల తర్వాత డేటా చెడిపోయిన సంగతి బయటపడుతుంది. ఒక మెషీను ఇమేజ్ నుంచి పది మెషీన్లు తయారు చేయాలంటే సర్వరులో ఎల్‌వీఎం థిన్ స్నాప్‌షాట్లు గానీ జెడ్‌ఎఫ్‌ఎస్ క్లోన్లు గానీ (చోటు వృథా కాని నకళ్ళు) తీసి ఒక్కోదానికి ఒక్కోటి ఇవ్వాలి. ఇనిషియేటర్ (డిస్కు వాడుకునే క్లయింటు) పేరు కూడా ఒక్కో మెషీనుకి వేరుగా ఉండాలి. క్లోన్ చేసినప్పుడు పాత పేరే వచ్చేస్తుంది, దాన్ని మార్చడం మర్చిపోవద్దు.

నెట్‌వర్క్ పోయినప్పుడు ఐస్కజీ తీరు వేరు. లైనక్స్ క్లయింటు వాడే ఓపెన్ ఐస్కజీ ప్రోగ్రాములో రీప్లేస్‌మెంట్ టైమవుట్ అనే సెట్టింగు ఉంటుంది, మామూలుగా 120 సెకన్లు. ఆ రెండు నిమిషాల లోపు లైను వస్తే ఏమీ జరగనట్టే సాగుతుంది. దాటితే ఆగి ఉన్న రాతలన్నిటికీ ఎర్రర్ వెళ్తుంది, ఎక్స్‌టీ4 జర్నల్ ఆగిపోయి, రూట్ రీడ్ ఓన్లీ అవుతుంది. మూడో నిమిషంలో కేబులు పెట్టినా లాభం లేదు, రీస్టార్ట్ చేయాల్సిందే. మరీ చికాకు పెట్టే విషయం ఏంటంటే, మెషీను పింగ్‌కి జవాబిస్తూనే ఉంటుంది. దూరం నుంచి చూసేవాళ్ళకి బతికే ఉన్నట్టు కనిపిస్తుంది, లోపల ఒక్క ఫైలు కూడా రాయలేదు.

దీనికి మందు ఉంది. రూట్ ఐస్కజీ మీద ఉన్నప్పుడు ఆ టైమవుట్‌ను 86400 సెకన్లకు, అంటే పూర్తి రోజుకు పెంచమని, లైను బతికుందా అని మధ్యమధ్యలో పంపే నో-ఆప్ పరీక్షలను ఆపేయమని ఓపెన్ ఐస్కజీ తన రీడ్‌మీలోనే చెప్తుంది. అలా చేస్తే ఇదీ ఎన్‌ఎఫ్‌ఎస్‌లాగే బిగుసుకుని, లైను రాగానే లేస్తుంది. కానీ సెట్టింగ్ ఫైల్లో మారిస్తే సరిపోదు. రూట్ సెషన్ మొదలయ్యేది ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌లో, అప్పటికి మీ ఫైలు దానికి కనిపించకపోవచ్చు. బూట్ అయ్యాక నడుస్తున్న సెషన్ వివరాలు తీసి, టైమవుట్ ఎంత చూపిస్తోందో కళ్ళతో చూసుకోండి. 120 అనే ఉంటే డ్రాకట్‌లో కెర్నెల్ లైను ద్వారా ఆ విలువ అందించాలి. తర్వాత స్విచ్ దగ్గర కేబులు పీకి, అయిదు నిమిషాలు ఆగి, మళ్ళీ పెట్టి చూడండి. ఒక నిమిషంలోపే పెట్టేసి "బాగానే ఉంది" అనుకుంటే అది పరీక్షే కాదు.

భద్రతకి చాప్ (లాగిన్‌ను సరిచూసే పద్ధతి) పాస్‌వర్డు పెట్టొచ్చు, పోర్టు 3260. ఎవరిని రానివ్వాలో చెప్పే ఏసీఎల్ జాబితాలో రాసిన ఇనిషియేటర్ పేరుకీ, క్లయింటు పంపే పేరుకీ ఒక్క అక్షరం తేడా ఉన్నా లాగిన్ తిరస్కరిస్తుంది. అందుకే లాగిన్ ఫెయిల్ అయినప్పుడు పాస్‌వర్డు వెనక పడే ముందు సర్వరు వైపు లాగ్‌లో ఏ పేరుతో వచ్చిందో చూడండి.

ర్యామ్‌లోకి మొత్తం దించేయడం

ల్యాబులకి నేను మొదట చెప్పేది ఇదే. మొత్తం వ్యవస్థను స్క్వాష్‌ఎఫ్‌ఎస్ (కుదించిన, చదవడానికి మాత్రమే వీలైన) ఇమేజ్‌గా కట్టి, హెచ్‌టీటీపీ ద్వారా మెషీను ర్యామ్‌లోకి తెచ్చుకుని, అక్కడినుంచే నడపడం. రాసేవన్నీ ర్యామ్‌లోని ఓవర్‌లే పొరలోకి పోతాయి, ఆపితే మాయం. బూట్ అయ్యాక నెట్‌వర్క్ పోయినా మెషీనుకి పట్టదు. విద్యార్థి ఏ సెట్టింగు పాడుచేసినా రీస్టార్ట్ చేస్తే కొత్తదిలా వస్తుంది.

ఖర్చు రెండు చోట్ల పడుతుంది. ఒకటి ర్యామ్: ఇమేజ్ 1.5 జీబీ ఉంటే అంత ర్యామ్ ఎప్పటికీ దానికే అంకితం, ఓవర్‌లే అదనం. 4 జీబీ మెషీన్లలో బ్రౌజరు తెరవగానే ఊపిరాడదు. 8 ఉంటేనే ఈ దారి పట్టండి. రెండోది పొద్దున్నే అందరూ ఒకేసారి ఆన్ చేసే సమయం. 30 మెషీన్లు 1.5 జీబీ చొప్పున లాగితే 45 జీబీ, సర్వరుకి ఒక్క గిగాబిట్ లైనే ఉంటే దాదాపు ఏడు నిమిషాలు. సర్వరు వైపు లైను మాత్రం 10 గిగాబిట్ చేస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది. లేదా మధ్యే మార్గం ఉంది: స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఫైలును ఎన్‌ఎఫ్‌ఎస్ మీదే ఉంచి, కావాల్సిన ముక్కలే చదువుకుంటూ, రాతలకి మాత్రం ర్యామ్ వాడటం. 2019లో కొత్తగా తిరగరాసిన ఎల్‌టీఎస్‌పీ (ల్యాబు మెషీన్లను నెట్‌వర్క్ మీద బూట్ చేసే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్) చేసేది ఇదే. ల్యాబుకి సొంతంగా అన్నీ కట్టుకునే ఓపిక లేకపోతే నేరుగా అది తెచ్చుకోండి. కానీ ఆ పద్ధతిలో నెట్‌వర్క్ పోతే మళ్ళీ బిగుసుకుపోవడం తప్పదు.

సర్వరు పనులకి, అంటే డీఎన్‌ఎస్, ప్రాక్సీ, ఫైర్‌వాల్ లాంటి చిన్న పనులకి ఆల్పైన్ లైనక్స్ డిస్క్‌లెస్ పద్ధతి చక్కగా సరిపోతుంది. మార్చిన సెట్టింగులను మనం చెప్పినప్పుడు ఒక చిన్న ఫైలుగా దాచుకుంటుంది, తర్వాతి బూట్‌లో తిరిగి పరుస్తుంది. దాచమని చెప్పడం మర్చిపోతే మాత్రం మార్పు పోయినట్టే.

ఎన్‌బీడీ కూడా ఒకటుంది, పోర్టు 10809. ఐస్కజీలాగే బ్లాక్ డివైసు, అంటే డిస్కును ఇస్తుంది, తేలికైనది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి దాన్ని చెప్పను, సమస్య వచ్చినప్పుడు అడగడానికి తెలిసినవాళ్ళు దొరకడం కష్టం.

మరి ఎవరికి ఏది?

ఒకటి రెండు మెషీన్లే అయితే డిస్క్‌లెస్ వద్దు. చిన్న ఎస్‌ఎస్‌డీ కొని పెట్టేయండి, మీ సమయం దానికంటే విలువైనది. కోచింగ్ ల్యాబు, లైబ్రరీ, పరీక్ష కేంద్రం లాంటి చోట అన్నీ ఒకేలాంటి మెషీన్లు, ర్యామ్ చాలినంత ఉంటే ర్యామ్ ఇమేజ్. ర్యామ్ తక్కువైతే ఎల్‌టీఎస్‌పీ. తరచూ మార్పులు చేసే డెవలపర్ సర్వర్లకి, ప్రయోగాలకి ఎన్‌ఎఫ్‌ఎస్. కంటెయినర్లు, ఎస్‌ఈలైనక్స్ తప్పనిసరి అయినచోట ఐస్కజీ, అదీ పైన చెప్పిన టైమవుట్ సరిచేశాకే.

ఆసుపత్రి బిల్లింగ్, ల్యాబు రిపోర్టుల డేటాబేసు నడిపే సర్వరు గురించి అడిగితే నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: వ్యవస్థను నెట్‌వర్క్ మీద బూట్ చేసుకోండి, డేటాబేసు మాత్రం ఆ మెషీనులోనే రెండు డిస్కుల మిర్రర్ మీద పెట్టండి. రోగి రిపోర్టు కోసం కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నప్పుడు, స్విచ్ తిరిగి లేచేదాకా ఆగండి అని చెప్పే పరిస్థితి రాకూడదు.

మన ఊళ్ళలో కరెంటు, ఎండ, నీళ్ళు

కరెంటు పోయి వచ్చినప్పుడు అన్నీ ఒకేసారి ఆన్ అవుతాయి. క్లయింటు మెషీను కొన్ని సెకన్లలో డీహెచ్‌సీపీ అడుగుతుంది, స్విచ్ ఇంకా లేవలేదు, స్టోరేజీ సర్వరు ఇంకా తన డిస్కులు లెక్కపెట్టుకుంటోంది. క్లయింటు నాలుగు సార్లు అడిగి, బూట్ డివైసు లేదని తెల్లారేదాకా అలాగే నిలబడుతుంది. ముందు స్విచ్‌నీ స్టోరేజీనీ యూపీఎస్ మీద పెట్టండి. క్లయింట్లకి యూపీఎస్ లేకపోయినా ఫర్వాలేదు. ఐపీఎక్స్‌ఈ స్క్రిప్టులో ఫెయిలైతే పది సెకన్లు ఆగి మళ్ళీ మొదటికి వెళ్ళమని రాయండి. కొన్ని బయోస్‌లలో కరెంటు వచ్చాక ఇన్ని సెకన్లు ఆగి ఆన్ అవ్వమనే సెట్టింగు కూడా ఉంటుంది.

రోహిణి కార్తెలో స్విచ్‌ను ఫాల్స్ సీలింగ్ పైన దాచినచోట్ల మధ్యాహ్నం లింకులు పడిపోవడం మామూలే. డిస్కున్న మెషీనుకి అది ఇంటర్నెట్ పోవడం మాత్రమే, డిస్కు లేనిదానికి రూట్ పోవడం. స్విచ్‌ను గాలి ఆడేచోటికి దించండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళూ షాపులూ మునిగినప్పుడు గ్రౌండ్ ఫ్లోర్లో ఉన్నవేవీ మిగలలేదు. డిస్క్‌లెస్ అంటే గుడ్లన్నీ ఒకే బాక్సులో ఉన్నట్టే కాబట్టి ఆ బాక్సు పై అంతస్తులో, దాని బ్యాకప్ వేరే బిల్డింగులో ఉండాలి.

బూట్ ఎక్కడ ఆగిందో చదవడం

ఏ పద్ధతి ఎంచుకున్నా వెతికే దారి ఒకటే: స్క్రీన్ మీద చివరి లైను చదివి, ఏ దశలో ఆగిందో గుర్తించాలి. ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోండి, ఆ లైను తర్వాత దొరకదు.

పాత బయోస్ పీఎక్స్‌ఈ అయితే కోడ్ చెప్పేస్తుంది. ఈ61 అంటే కేబులు లేదా పోర్టు. ఈ51 అంటే డీహెచ్‌సీపీ నుంచి అసలు జవాబే రాలేదు. ఈ53 అంటే ఐపీ వచ్చింది, బూట్ ఫైలు పేరు రాలేదు. ఈ32 అంటే ఫైలు పేరు తెలిసింది, దాన్ని పంపాల్సిన టీఎఫ్‌టీపీ సర్వరు పలకలేదు. మన దగ్గర ఈ53 ఎక్కువగా కనిపించే కారణం ఫైబర్ ఇంటర్నెట్‌వాళ్ళు పెట్టి వెళ్ళిన రౌటరు. అది కూడా డీహెచ్‌సీపీ ఇస్తుంది, మీ సర్వరు కంటే ముందే జవాబు చెప్పేస్తుంది. దాన్ని ఆపే వీలు లేకపోతే డీఎన్‌ఎస్‌మాస్క్ ప్రోగ్రామును ప్రాక్సీ డీహెచ్‌సీపీగా పెట్టండి: ఐపీ రౌటరే ఇస్తుంది, బూట్ సమాచారం మాత్రం మీరు ఇస్తారు. అనుమానం ఉంటే, లైను మీద పోయే ప్యాకెట్లు చూపించే టీసీపీడంప్‌తో 67, 68 పోర్టులు చూడండి, ఎవరెవరు జవాబిస్తున్నారో క్షణంలో తేలిపోతుంది.

టీఎఫ్‌టీపీ 69 పోర్టు తెరిచినా ఫైలు రాకపోతే ఫైర్‌వాల్‌నే అనుమానించండి. అడగడం 69 మీద జరిగినా, డేటా వేరే పోర్టు మీద వస్తుంది. పైగా అది మూలరూపంలో 512 బైట్ల ముక్క పంపి, అందిందని కబురొచ్చాకే రెండోది పంపుతుంది. 60 మెగాబైట్ల ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌కి అలా లక్షా ఇరవై వేల పైచిలుకు ముక్కలు. పెద్ద ముక్కలకి ఒప్పుకునే వీలున్నా, నేనైతే ఐపీఎక్స్‌ఈ ఒక్కదాన్నే టీఎఫ్‌టీపీలో పంపి మిగతాదంతా హెచ్‌టీటీపీలో పంపిస్తాను. ఐపీఎక్స్‌ఈ మళ్ళీ ఐపీఎక్స్‌ఈనే తెచ్చుకుంటూ తిరుగుతుంటే, డీహెచ్‌సీపీలో యూజర్ క్లాస్ (అడిగేది ఏ ప్రోగ్రామో చెప్పే గుర్తు) చూసి దానికి వేరే ఫైలు ఇవ్వడం మర్చిపోయారన్నమాట. యూఈఎఫ్‌ఐ (కొత్త తరహా ఫర్మ్‌వేర్) మెషీనుకి బయోస్ ఫైలు పంపితే ఏమీ చెప్పకుండా తర్వాతి బూట్ డివైసుకి వెళ్ళిపోతుంది. డీహెచ్‌సీపీలో మెషీను రకం చెప్పే ఆప్షన్ 93 చూసి ఎవరికి ఏది పంపాలో విడదీయాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని ఐపీఎక్స్‌ఈని ఒప్పుకోదు.

ఇక అందరినీ ఏడిపించేది: కెర్నెల్ చక్కగా వచ్చింది, ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌లో ఐపీ రాలేదు. దీనికి రెండు కారణాలు చూడండి. మొదటిది డ్రైవరు. డ్రాకట్ హోస్ట్-ఓన్లీ పద్ధతిలో ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ కడితే కట్టిన మెషీను కార్డు డ్రైవరే అందులో ఉంటుంది. సర్వరులో ఇంటెల్ కార్డు, క్లయింటులో రియల్‌టెక్ అయితే అంతే సంగతి. హోస్ట్-ఓన్లీ తీసేసి, నెట్‌వర్క్ మాడ్యూళ్ళు చేర్చి కట్టండి. డెబియన్‌లో అయితే మాడ్యూల్స్ సెట్టింగును నెట్‌బూట్ చేయండి.

రెండోది స్విచ్. పటమటలో ఒక కాలేజీ ల్యాబులో సరిగ్గా ఇదే చూశాను. మెషీను ఆన్ చేస్తే పీఎక్స్‌ఈకి ఐపీ వస్తుంది, కొంచెం ఆలస్యంగా. కెర్నెల్ లోడవుతుంది. తర్వాత "అడ్రసు రాలేదు" అని షెల్‌లో పడుతుంది. ఆ షెల్‌లోనే చేత్తో డీహెచ్‌సీపీ అడిగితే వెంటనే వస్తుంది! స్విచ్ వైపు చూస్తే కార్డు మళ్ళీ మొదలైన ప్రతిసారీ ఆ పోర్టు దీపం కాషాయం రంగులోకి వెళ్ళి, అర నిమిషం తర్వాత ఆకుపచ్చ అవుతోంది. నెట్‌వర్క్‌లో లూపులు పడకుండా చూసే స్పానింగ్ ట్రీ వినడానికి 15 సెకన్లు, నేర్చుకోవడానికి 15 సెకన్లు తీసుకుంటోందన్నమాట. పీఎక్స్‌ఈ అంతసేపు ఓపిక పట్టింది, ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ పట్టలేదు. క్లయింటు పోర్టులను పోర్ట్‌ఫాస్ట్ (ఆ ఆలస్యం లేకుండా తెరుచుకునేలా) చేయగానే అన్ని మెషీన్లూ దారికొచ్చాయి. స్విచ్‌ల మధ్య ఉండే అప్‌లింక్ పోర్టులకి మాత్రం ఇది పెట్టకండి, లూపు పడితే మొత్తం నెట్‌వర్క్ కూలుతుంది.

కెర్నెల్ ప్యానిక్ (కెర్నెల్ ముందుకెళ్ళలేక ఆగిపోవడం) వస్తే బ్రాకెట్లో ఉన్న అంకెలు చూడండి. 0,255 అంటే ఎన్‌ఎఫ్‌ఎస్ రూట్ కోసం ప్రయత్నించి విఫలమైంది: సర్వరు చిరునామా, ఎక్స్‌పోర్ట్, వెర్షన్ చూసుకోండి. 0,0 అంటే రూట్ ఏదో దానికి అసలు అర్థమే కాలేదు. చాలాసార్లు ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ అందలేదనే లెక్క. చిన్న ఫైళ్ళు వచ్చి పెద్దవి మధ్యలో ఆగిపోతుంటే జంబో ఫ్రేములు (మామూలుకంటే పెద్ద ప్యాకెట్లు) ఒకవైపు పెట్టి ఇంకోవైపు పెట్టలేదేమో చూడండి. ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) 9000 దారిలో ఉన్న ప్రతి పోర్టుకీ ఉండాలి.

రూట్ మౌంట్ అయి, సర్వీసులు ఒక్కొక్కటీ మొదలవుతూ, నెట్‌వర్క్ మేనేజర్ లైను దగ్గర బిగుసుకుపోతే అది కార్డును కిందికి దించి మళ్ళీ లేపబోయింది. దించిన క్షణాన రూట్ పోయింది, లేపడానికి కావాల్సిన ప్రోగ్రాము ఆ రూట్ మీదే ఉంది. ఆ కార్డును ముట్టుకోవద్దని నెట్‌వర్క్ మేనేజరుకి చెప్పండి. షట్‌డౌన్‌లో వేలాడటం కూడా దీని తోబుట్టువే: రూట్‌ను వదలకముందే నెట్‌వర్క్ సర్వీసో, ఐస్కజీ సర్వీసో ఆగిపోతోంది. రూట్ ఉన్న కార్డును బూట్‌లోనూ షట్‌డౌన్‌లోనూ ఎవరూ తాకకుండా చేస్తే రెండూ పోతాయి.

అన్నీ బూట్ అయ్యాక రెండు మెషీన్లకి ఒకే ఐపీ వస్తుంటే ఇమేజ్‌లోని మెషీన్-ఐడీ ఫైలు చూడండి. క్లోన్‌లన్నిటిలో అదే ఐడీ ఉంటే, దాన్నిబట్టి గుర్తింపు పంపే సిస్టమ్‌డీ నెట్‌వర్క్ సర్వీసు అందరి పేరునా ఒకే ఐపీ అడుగుతుంది. ఇమేజ్ కట్టేముందు ఆ ఫైలును ఖాళీ చేసి పెడితే ప్రతి మెషీనూ తనకో కొత్తది రాసుకుంటుంది.